డేటాబేస్ కాలమ్‌ల నుంచి వెబ్ పేజీలు: తరచుగా అడిగే ప్రశ్నలు

చిన్న సంస్థలకు, దుకాణాలకు, అపార్ట్‌మెంట్ సంఘాలకు లెక్కల పేజీలు చేసి ఇవ్వడం నా వృత్తి. సాయంత్రం పూట అమీర్‌పేటలో డేటాబేస్ పాఠాలు చెబుతాను. రెండు చోట్లా నన్ను అడిగేది ఒకటే: టేబుల్ సిద్ధంగా ఉంది కదా, దాని కాలమ్‌లను చూసి ఫారాలు వాటంతటవే తయారు కావా? అవుతాయి. ఎంతవరకు అవుతాయి, ఎక్కడ ఆగిపోతాయి, ఆగిన చోట మనిషి ఏం చేయాలి అన్నవి తెలియకపోతే మాత్రం ఆ సౌకర్యమే తర్వాత తలనొప్పి అవుతుంది. కింది జవాబుల్లోని ఉదాహరణలు చాలావరకు నిజాంపేట వైపు ఒక అపార్ట్‌మెంట్ సంఘానికి చేసిన పనిలోవి. ఐదు బ్లాకులు, 120 ఫ్లాట్లు, నెలనెలా మెయింటెనెన్స్ వసూళ్లు, ఎండాకాలం వస్తే నీళ్ల ట్యాంకర్ల లెక్క.

కాలమ్‌ల నుంచి పేజీ తయారు చేయడమంటే అసలేమిటి?

డేటాబేస్ మన సమాచారాన్ని మాత్రమే దాచుకోదు. ఆ సమాచారం ఎలా ఉండాలో చెప్పే వివరాన్నీ దాచుకుంటుంది. కాలమ్ పేరేమిటి, అందులో అంకె ఉండాలా, తేదీ ఉండాలా, ఖాళీగా వదలవచ్చా, ఎన్ని అక్షరాలు పడతాయి, మరో టేబుల్‌తో సంబంధం ఉందా అన్నవన్నీ టేబుల్ సృష్టించిన రోజే మనం రాసి పెట్టాం. ఒక చిన్న ప్రోగ్రామ్ ఆ వివరాలను చదివి, ఒక్కో కాలమ్‌కు తగిన గడిని పేజీలో పెడుతుంది.

సంఘం వారి వసూళ్ల టేబుల్ చూడండి.

ఐడీ: పూర్ణాంకం, తనంతట పెరిగేది
ఫ్లాటు: పూర్ణాంకం, ఫ్లాట్ల టేబుల్‌లోని వరుసను చూపేది
చెల్లించిన తేదీ: తేదీ, ఖాళీ కుదరదు
మొత్తం: డెసిమల్ 10,2 (పది అంకెలు, వాటిలో రెండు దశాంశ బిందువు తర్వాత), ఖాళీ కుదరదు
విధానం: నగదు, చెక్కు, యూపీఐ అన్న మూడింటిలో ఒకటి
వివరం: వార్‌చార్ 200 (200 అక్షరాల దాకా), ఖాళీ ఉండవచ్చు

ఈ ఆరు వరుసలు చదివితే ఫారం కళ్ల ముందుకు వచ్చేస్తుంది. ఐడీకి గడి అక్కర్లేదు. ఫ్లాటుకు జాబితా, తేదీకి క్యాలెండర్, మొత్తానికి అంకెల గడి, విధానానికి మూడు ఎంపికలు, వివరానికి 200 అక్షరాల హద్దు. మనకు తట్టినట్టే ప్రోగ్రామ్‌కూ తట్టేలా నియమాలు రాయడమే ఈ పని.

ఇది కొత్త పద్ధతా?

కాదు. డేటాబేస్‌ను బ్రౌజర్ నుంచి నడిపే పీహెచ్‌పీమైఅడ్మిన్ 1998లో వచ్చింది. అందులో ‘ఇన్సర్ట్’ మీట నొక్కగానే కనిపించే ఫారం ఇలా కాలమ్‌లను చదివి కట్టినదే. 2004లో వచ్చిన రూబీ ఆన్ రెయిల్స్ అనే వెబ్‌సైట్లు కట్టే సాధనం దీన్ని స్కాఫోల్డింగ్ అనే పేరుతో ప్రచారంలోకి తెచ్చింది. 2005లో విడుదలైన అలాంటి మరో సాధనం జాంగోలో అడ్మిన్ పేజీలూ ఆ కోవలోవే. పాత డేటాబేస్‌ను చదివి మోడల్స్ (టేబుల్స్‌ను వర్ణించే పైథాన్ కోడ్) రాసిచ్చే ‘ఇన్‌స్పెక్ట్‌డీబీ’ అనే ఆదేశం కూడా జాంగోలో ఉంది.

స్కాఫోల్డింగ్ అంటే పరంజా. మియాపూర్ నుంచి నిజాంపేట దాకా ఏ సందులోకి వెళ్లినా సర్వి కర్రలతో కట్టిన పరంజా కనిపిస్తుంది. మేస్త్రీ దాని మీద నిలబడి గోడ కడతాడు, పూత పూస్తాడు, పని అయ్యాక విప్పేస్తాడు. ఆ మాటను ఎంచుకున్నవారు దాని అర్థాన్ని కూడా ఉద్దేశించే ఎంచుకున్నారని నేను నమ్ముతాను. యంత్రం ఇచ్చిన పేజీని అలాగే వాడుకకు ఇచ్చేయడం పరంజాలో కాపురం పెట్టడమే.

కాలమ్‌ల వివరాలు ఎక్కడ దొరుకుతాయి?

ఇన్ఫర్మేషన్ స్కీమా అనే చోట. ఇది డేటాబేస్‌లతో మాట్లాడే భాష అయిన ఎస్‌క్యూఎల్ ప్రమాణంలో భాగం. డేటాబేస్ సాఫ్ట్‌వేర్లయిన పోస్ట్‌గ్రెస్‌లో 2003లో వచ్చిన 7.4 వెర్షన్ నుంచి, మైఎస్‌క్యూఎల్‌లో 2005లో వచ్చిన 5.0 నుంచి ఉంది. అందులో ‘కాలమ్స్’ అనే టేబుల్‌ను మామూలు టేబుల్ లాగే అడిగితే ఒక్కో కాలమ్‌కు ఒక్కో వరుస వస్తుంది. ఎస్‌క్యూలైట్‌లో ఇది లేదు, అక్కడ ‘ప్రాగ్మా టేబుల్ ఇన్ఫో’ వాడాలి. ఒరాకిల్‌కు వేరే పేర్లతో సొంత పట్టికలు ఉన్నాయి.

మూడు చిక్కులు ముందే చెబుతాను. ఈ మూడూ మా తరగతిలో ప్రతి బ్యాచ్‌లోనూ ఎదురవుతాయి.

ఒకటి, ఖాళీ ఉండవచ్చా అన్న సంగతి అక్కడ ‘యెస్’, ‘నో’ అనే మాటలుగా వస్తుంది. అవి నిజం, అబద్ధం అనే విలువలు కావు. పైథాన్‌లోనో జావాస్క్రిప్ట్‌లోనో దాన్ని నేరుగా ‘ఇఫ్’లో పెడితే, ‘నో’ కూడా ఖాళీ లేని మాటే కాబట్టి నిజంగానే చెల్లుతుంది. ఫలితంగా ఏ గడీ తప్పనిసరి కాదు, లోపమూ కనిపించదు. ఎవరో మొత్తం రాయకుండా సేవ్ నొక్కినప్పుడు డేటాబేస్ మొరాయించేదాకా తెలియదు.

రెండు, మైఎస్‌క్యూఎల్ 8.0కు మారాక ఇన్ఫర్మేషన్ స్కీమాలో కాలమ్‌ల పేర్లన్నీ పెద్ద అక్షరాల్లో వస్తాయి. చిన్న అక్షరాలతో రాసుకున్న పాత ప్రోగ్రామ్ ఆ పేర్లు దొరకక ఆగిపోతుంది. ప్రశ్నలోనే మీకు కావలసిన మారుపేరు పెట్టి అడగండి, రెండు వెర్షన్లలోనూ పనిచేస్తుంది.

మూడు, మీ లాగిన్‌కు అనుమతి ఉన్న టేబుల్స్, కాలమ్‌లు మాత్రమే అక్కడ కనిపిస్తాయి. ‘టేబుల్ ఉంది, కానీ ప్రోగ్రామ్‌కు కనిపించడం లేదు’ అన్నవారికి నేను మొదట అడిగే ప్రశ్న, ఏ లాగిన్‌తో వెళ్లారని.

ఏ రకం కాలమ్‌కు ఏ గడి పెట్టాలి?

తేలికైనవి పైన చెప్పాను. తప్పులు జరిగేది అంకెల దగ్గర.

సంఘం వారి పాత టేబుల్‌లో ఫోను నంబరు పూర్ణాంకంగా ఉండేది. ప్రోగ్రామ్ చక్కగా అంకెల గడి పెట్టింది. సెల్ నంబర్లకు ఏమీ కాలేదు. ఇంట్లో ల్యాండ్‌లైన్ ఉన్న పెద్దవాళ్లు 040తో మొదలుపెట్టి నంబరు ఇస్తే, ముందున్న సున్నా మాయమై 40తో మొదలయ్యే నంబరు మిగిలింది. మొదటి సున్నాను పూర్ణాంకం దాచుకోదు. లెక్కించడానికి వాడని అంకె అంకె కాదు, అది అంకెలతో రాసిన పేరు. ఫోను, పిన్‌కోడ్, ఫ్లాటు నంబరు, చెక్కు నంబరు, ఖాతా నంబరు, అన్నీ అక్షరాల కాలమ్‌లుగా ఉండాలి. ఫోనులో అంకెల కీబోర్డు రావాలంటే గడిని అక్షరాల రకంగానే ఉంచి, ‘ఇన్‌పుట్‌మోడ్’ను న్యూమరిక్ చేస్తే చాలు.

హైదరాబాద్ ఇంటి నంబర్లది ఇంకో కథ. వాటిలో గీతలుంటాయి, బై ఉంటుంది, చివర అక్షరం ఉంటుంది. 3-5-12 లాంటి నంబరును ఎక్సెల్‌లో టైపు చేసి చూడండి, తేదీగా మారిపోతుంది. పాత లెక్కలు ఎక్సెల్ నుంచి తెచ్చుకునేవారు ఆ కాలమ్‌ను ముందే ‘టెక్స్ట్’ రకానికి మార్చి, తర్వాతే నంబర్లు ఎక్కించాలి. ఒకసారి తేదీ అయిపోయాక అసలు నంబరు ఏదో ఫైలు చూసి చెప్పడం కష్టం, కాగితం వెతకాల్సిందే.

డబ్బుకు ఎప్పుడూ డెసిమల్ వాడండి, దశాంశాలను ఉజ్జాయింపుగా దాచే ఫ్లోట్ వద్దు. ఫ్లోట్‌లో 0.1కి 0.2 కలిపితే కచ్చితంగా 0.3 రాదు. ఏడాది చివర లెక్క పైసల్లో తేడా వస్తే కోశాధికారి నిద్రపోరు. డెసిమల్ కాలమ్ నుంచి అంకెల గడి తయారు చేసేటప్పుడు ‘స్టెప్’ విలువను (ఎంతెంత తేడాతో అంకెలు ఒప్పుకోవాలో చెప్పేది) 0.01 చేయడం మరవకండి. ఏమీ చెప్పకపోతే బ్రౌజర్ దాన్ని 1గా తీసుకుంటుంది, 1500.50 రాస్తే తప్పంటుంది. కాలమ్ వివరాల్లో స్కేల్, అంటే దశాంశ స్థానాల సంఖ్య, ఉంటుంది. స్కేల్ 2 అయితే స్టెప్ 0.01 అని ప్రోగ్రామ్ దానంతట అదే లెక్క కట్టగలదు. జాబితా పేజీలో 100000 అని కాకుండా 1,00,000 అని చూపించడానికి బ్రౌజర్‌లోని నంబర్ ఫార్మాట్‌కు మన దేశపు భాషా సంకేతం ఇస్తే సరిపోతుంది.

తేదీ గడి లోపల విలువ ఎప్పుడూ సంవత్సరం, నెల, రోజు వరుసలోనే ఉంటుంది. తెర మీద ఎలా చూపాలో మాత్రం బ్రౌజర్ తన సెట్టింగును బట్టి నిర్ణయిస్తుంది. అమెరికన్ ఇంగ్లిష్ సెట్టింగు ఉన్న కంప్యూటర్‌లో నెల ముందు వస్తుంది. 04/03 అంటే మార్చి 4 అనుకుని ఏప్రిల్ 3 ఎక్కించినవారిని చూశాను. అందుకే గడి పక్కన ‘4 మార్చి’ అని మాటల్లో చూపించే చిన్న ఏర్పాటును నేను ప్రతి టెంప్లేట్‌లో (పేజీ అచ్చులో) పెడతాను.

అవును, కాదు అనే కాలమ్‌లకు అందరూ టిక్కు గడి పెడతారు. టిక్కు పెట్టకపోతే బ్రౌజర్ సర్వర్‌కు ఏమీ పంపదు. ‘అద్దెకు ఇచ్చారా?’ అన్న కాలమ్‌లో ‘కాదు’ వేరు, ‘ఇంకా అడగలేదు’ వేరు. ఖాళీ ఉండవచ్చని ఉన్న కాలమ్ అయితే మూడు ఎంపికలు ఇవ్వండి: అవును, కాదు, తెలియదు. మైఎస్‌క్యూఎల్‌లో బూలియన్ అని రాసినా లోపల అది టైనీఇంట్ అనే చిన్న పూర్ణాంకంగానే నమోదవుతుందని గుర్తుంచుకుని నియమం రాయాలి.

గడుల పేర్లు తెలుగులో ఎలా వస్తాయి? కాలమ్ పేర్లు ఇంగ్లిష్‌లో ఉన్నాయి కదా.

ఈ ప్రశ్న కోసమే ఈ పేజీ రాశానన్నా తప్పు లేదు. చాలామంది ‘ఓనర్ అండర్‌స్కోర్ నేమ్’లో గీత తీసేసి, మొదటి అక్షరం పెద్దది చేసి, అదే పేజీలో పెట్టేస్తారు. ఆ పేజీని వాడబోయేది వాచ్‌మన్, లేదా సంఘం గుమాస్తా.

డేటాబేస్‌లోనే దీనికి చోటుంది. మైఎస్‌క్యూఎల్‌లో ప్రతి కాలమ్‌కు ఒక కామెంట్ రాయవచ్చు, 1024 అక్షరాల దాకా. అందులో ‘యజమాని పేరు’ అని తెలుగులో రాయండి. అది ఇన్ఫర్మేషన్ స్కీమాలో కాలమ్ పేరు పక్కనే వస్తుంది. పోస్ట్‌గ్రెస్‌లో ‘కామెంట్ ఆన్ కాలమ్’ అనే ఆదేశంతో రాసి, ‘కాల్ డిస్క్రిప్షన్’ అనే ఫంక్షన్‌తో చదవాలి. ఎస్‌క్యూలైట్‌లో ఈ సదుపాయం లేదు కాబట్టి పేర్ల కోసం వేరే చిన్న టేబుల్ పెట్టుకోవాలి.

నేను కామెంట్‌ను ముక్కలుగా రాస్తాను, మధ్యలో నిలువు గీత పెట్టి. మొదటి ముక్క గడి పేరు, రెండోది గడి కింద చిన్న అక్షరాల్లో వచ్చే సూచన. ఉదాహరణకు: ‘చెల్లించిన తేదీ | రసీదు మీద ఉన్న తేదీ రాయండి, ఈరోజు తేదీ కాదు’. ఆ ఒక్క సూచన వచ్చాక గుమాస్తా నుంచి నాకు వచ్చే ఫోన్లు సగానికి సగం తగ్గాయి. పని తెలిసినవారు పక్కన కూర్చుని చెప్పే మాట కామెంట్‌లో పడితే అది పేజీలోకి వస్తుంది. పడకపోతే ఏ యంత్రమూ ఊహించి రాయలేదు.

మొదటి పేరు, చివరి పేరు అని రెండు కాలమ్‌లు పెట్టాలా?

పెట్టకండి. మన ఇంటి పేరు ముందు వస్తుంది, అసలు పేరు చివర వస్తుంది. ‘లాస్ట్ నేమ్’ అని అడిగితే కొందరు ఇంటి పేరు రాస్తారు, కొందరు చివర ఉన్నది రాస్తారు. పాతబస్తీలోనో టోలీచౌకీలోనో చాలామందికి ఇంటి పేరన్న పద్ధతే ఉండదు. తమిళ కుటుంబాలు పొడి అక్షరాలు రాస్తాయి. ‘పూర్తి పేరు’ అని ఒకే కాలమ్, ఒకే గడి చాలు. విడిగా పిలుపు పేరు కావాలంటే ఖాళీ ఉండగల మరో కాలమ్ పెట్టుకోండి.

తెలుగు పేర్లు సగంలో తెగిపోతున్నాయి. ఎందుకు?

కంటికి కనిపించే అక్షరాల లెక్క, కంప్యూటర్ లెక్క వేరు కాబట్టి. ‘లక్ష్మి’ మనకు రెండక్షరాలు. ప్రతి గుర్తుకూ ఒక సంఖ్య ఇచ్చే యూనికోడ్‌లో ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి కలిసి ఏడు. వాటిని దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్కటి మూడు బైట్లు, అంటే 21 బైట్లు. ‘వెంకట లక్ష్మీనారాయణ’ 19 అవుతుంది. ఇంటి పేరు చేర్చారంటే వార్‌చార్ 20 చాలదు.

మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్ ఆ 20ని యూనికోడ్ గుర్తుల్లో లెక్కిస్తాయి. ఒరాకిల్‌లో మీరు ప్రత్యేకంగా చెప్పకపోతే లెక్క బైట్లలో ఉంటుంది. అక్కడ వార్‌చార్2 20లో ‘లక్ష్మి’ అన్న ఒక్క పేరూ పట్టదు! నేను ఈ లెక్కను బోర్డు మీద వేసిన ప్రతిసారీ తరగతి ఒక్క క్షణం నిశ్శబ్దమవుతుంది.

కాలమ్ వెడల్పును గడి ‘మ్యాక్స్‌లెంగ్త్’గా (అక్షరాల హద్దుగా) పెట్టేయడం ప్రోగ్రామ్‌కు సులువే. తెలుగుకు అది గుర్తుల లెక్కతో సరిగ్గా సరిపోతుంది కూడా. కానీ వెడల్పే తప్పుగా ఉంటే గడి ఆ తప్పునే పాటిస్తుంది. పేర్లకు 150, చిరునామాకు 500 ఇవ్వండి. మైఎస్‌క్యూఎల్ 5.7కు ముందు, కఠిన పద్ధతి పెట్టుకోకపోతే, ఎక్కువైన భాగాన్ని కోసేసి హెచ్చరిక మాత్రం ఇచ్చి ఊరుకునేది. ఇప్పుడు తప్పు చూపించి ఆపుతుంది, అదే మేలు. మైఎస్‌క్యూఎల్‌లో టెక్స్ట్ రకం కాలమ్‌కు 65,535 బైట్ల హద్దు. తెలుగులో అది సుమారు 21,800 గుర్తులు, చాలా పనులకు ధారాళంగా సరిపోతుంది.

సేవ్ చేశాక తెలుగు బదులు ప్రశ్నార్థకాలు వస్తున్నాయి.

టేబుల్ లాటిన్ అక్షరాల పద్ధతిలో ఉంది, లేదా ప్రోగ్రామ్‌కు, డేటాబేస్‌కు మధ్య కనెక్షన్ ఆ పద్ధతిలో ఉంది. రెండూ చూడండి. మైఎస్‌క్యూఎల్‌లో ‘యూటీఎఫ్8ఎంబీ4’ పెట్టండి. పాత ‘యూటీఎఫ్8’లో తెలుగు పడుతుంది కానీ నాలుగు బైట్లు కావలసిన ఎమోజీలు పడవు, వివరం గడిలో నమస్కారం బొమ్మ పెట్టేవారు మన సంఘాల్లో తక్కువేం కాదు. ప్రశ్నార్థకాలుగా మారి సేవ్ అయిపోయిన వాటిని తిరిగి తెలుగులోకి తేవడం కుదరదు, మళ్లీ టైపు చేయించాలి. అందుకే మొదటిరోజే ‘రాష్ట్రం’ అని ఒక వరుస ఎక్కించి, తిరిగి తెరిచి చూడండి. అదే మాట వత్తుల అడుగు భాగం తెగకుండా కనిపిస్తుందా అన్నది కూడా చెబుతుంది. తెగితే పేజీలో లైన్ ఎత్తును 1.6కు పెంచండి.

వెతికితే ఉన్న పేరే దొరకడం లేదు.

కళ్లకు కనిపించని గుర్తు ఒకటి ఉంది, పొల్లు తర్వాత వత్తు కలవకుండా ఆపేది. ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాటల్లో కొన్ని కీబోర్డులు దాన్ని పెడతాయి, కొన్ని పెట్టవు. పేర్లలో అవసరం లేనిచోట కూడా అది చేరిపోతుంటుంది. ఐత్వం కూడా యూనికోడ్‌లో ఒకే గుర్తుగా రాయవచ్చు, రెండు గుర్తులుగానూ రాయవచ్చు. సేవ్ చేసే ముందు యూనికోడ్ ఎన్‌ఎఫ్‌సీ అనే ఏకరీతి రూపంలోకి మార్చి, వెతుకులాటకు వాడే ప్రతిలో ఆ కనిపించని గుర్తును తీసేయండి. ఈ పనిని తయారయ్యే ప్రతి ఫారానికీ వర్తించేలా ఒకేచోట పెట్టవచ్చు.

టెంప్లేట్‌ను రాసే టెంప్లేట్‌లో గందరగోళం వస్తోంది. ఏం చేయాలి?

మీరు జింజా (పైథాన్‌లో టెంప్లేట్లను నింపే సాధనం) వాడుతూ జింజా టెంప్లేట్‌నే తయారు చేస్తున్నారన్న మాట. రెండు దశలున్నాయి. మొదటి దశలో కాలమ్ పేర్లు నిండాలి. రెండో దశలో, పేజీ తెరిచినప్పుడు, విలువలు నిండాలి. రెండు దశలకూ గుర్తులు రెండు ఫ్లవర్ బ్రాకెట్లే అయితే మొదటి దశ రెండోదాని గుర్తులను కూడా మింగేస్తుంది. మొదటి దశకు గుర్తులు మార్చండి. జింజా ఆ వీలు ఇస్తుంది. నేను మొదటి దశకు చదరపు బ్రాకెట్లు వాడతాను. చూడగానే ఏది ఎప్పుడు నిండుతుందో తెలుస్తుంది.

టేబుల్‌లో కొత్త కాలమ్ చేర్చి మళ్లీ తయారు చేస్తే, చేత్తో చేసిన మార్పులన్నీ పోయాయి.

తయారైన ఫైలును చేత్తో ముట్టుకోకూడదు. ఇది నేను నష్టపోయి నేర్చుకున్న నియమం. ఒక వేసవిలో ట్యాంకర్ల టేబుల్‌కు ‘లీటర్లు’ అనే కాలమ్ చేర్చి ఆదేశం నడిపాను. మూడు రోజులు కూర్చుని సర్దిన ఫారం మొదటికొచ్చింది. పాత ప్రతి నా దగ్గర లేదు.

అప్పటినుంచి రెండు ఫోల్డర్లు ఉంచుతున్నాను. ఒకటి యంత్రం రాసేది, ప్రతి ఫైలు మొదటి వరుసలో ‘ఇది తయారైన ఫైలు, మార్చవద్దు’ అని ఉంటుంది. రెండోది నాది. ఒక ఫారంలో ఏదైనా గడి ప్రత్యేకంగా ఉండాలంటే ఆ ఒక్క గడి ముక్కను నా ఫోల్డర్‌లో అదే పేరుతో పెడతాను. ప్రోగ్రామ్ ముందు నా ఫోల్డర్‌లో వెతుకుతుంది, లేకపోతే తనది వాడుతుంది. రెండు ఫోల్డర్లూ మార్పుల చరిత్రను దాచే గిట్‌లో ఉంటాయి. మళ్లీ తయారు చేసిన ప్రతిసారీ ఏ వరుసలు మారాయో చూసి, నచ్చితేనే ఒప్పుకుంటాను.

భద్రత సంగతి?

నాలుగు విషయాల్లో రాజీ పడకండి.

ప్రతి విలువనూ ఎస్కేప్ చేసి, అంటే కోడ్‌గా నడవకుండా మామూలు అక్షరాలుగా మార్చి, చూపించాలి. వివరం గడిలో ఎవరైనా స్క్రిప్ట్ రాసి పెడితే, జాబితా తెరిచినవారి బ్రౌజర్‌లో అది నడుస్తుంది. జాంగోలో ఇది ముందే అమర్చి ఉంది. జింజాను విడిగా వాడితే మీరే ఆన్ చేయాలి.

ఎస్‌క్యూఎల్ ఆదేశంలో విలువల స్థానంలో ప్రశ్నార్థకం పెట్టి, అసలు విలువలను డేటాబేస్‌కు విడిగా పంపవచ్చు, కాలమ్ పేరును అలా పంపడం కుదరదు. జాబితాను ఏ కాలమ్ ప్రకారం పేర్చాలో బ్రౌజర్ నుంచి వచ్చినప్పుడు, ఆ పేరు మీరు ఇన్ఫర్మేషన్ స్కీమాలో చదివిన పేర్లలో ఉందో లేదో చూసి, ఉంటేనే వాడండి.

ఫారంలో లేని గడిని కూడా చేర్చి పంపగలరు. ‘బకాయి మాఫీ’ అనే కాలమ్ ఫారంలో చూపకపోయినా, వచ్చిన ప్రతి విలువనూ ప్రోగ్రామ్ టేబుల్‌లో రాసేస్తే ఎవరి బకాయి వారే మాఫీ చేసుకోవచ్చు. 2012 మార్చిలో, ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌హబ్ సైట్‌లో సరిగ్గా ఈ తరహా లోపాన్ని ఒక ప్రోగ్రామర్ అందరికీ కనిపించేలా నిరూపించి చూపాడు. ఏ ఫారం ఏ కాలమ్‌లను రాయవచ్చో జాబితా ఉండాలి, ఆ జాబితాను మనిషి చూసి ఒప్పుకోవాలి.

తొలగించు అన్నది లింకుగా ఉండకూడదు, పోస్ట్ పద్ధతిలో (సర్వర్‌లో మార్పు కోరే అభ్యర్థనగా) వెళ్లే మీటగా ఉండాలి. 2005లో గూగుల్ వెబ్ యాక్సిలరేటర్ అనే సాఫ్ట్‌వేర్ పేజీలోని లింకులను ముందుగానే తెరిచి పెట్టుకునేది. తొలగించే లింకులను కూడా అలాగే తెరిచి, కొన్ని సైట్లలో వాడుకరుల సమాచారాన్ని చెరిపేసింది.

అన్ని కాలమ్‌లూ జాబితాలో చూపించాలా?

వద్దు. యంత్రానికి మొహమాటం లేదు, ఉన్నవన్నీ చూపిస్తుంది. ఫోను, ఆధార్, అద్దెకున్నవారి వివరాలు అందరికీ కనిపించే పేజీలోకి రాకూడదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా అవసరమైనంత సమాచారమే, చెప్పిన పనికే వాడాలంటుంది. నా ప్రోగ్రామ్‌లో జాబితాకు నియమం తలకిందులుగా ఉంటుంది: కామెంట్‌లో ‘చూపు’ అని రాసిన కాలమ్‌లే కనిపిస్తాయి. మరిచిపోతే కాలమ్ కనిపించకుండా పోతుంది, ఎవరో అడుగుతారు, చేరుస్తాం. ఇక ఆధార్ నంబరు మెయింటెనెన్స్ వసూలుకు ఎందుకు? ఆ కాలమ్‌ను నేను సంఘంతో మాట్లాడి టేబుల్ నుంచే తీయించాను.

ఇప్పుడు ఏఐ అడిగితే ఫారం రాసిచ్చేస్తోంది కదా, ఇదంతా ఎందుకు?

ఒక్క ఫారానికైతే అడగండి, తప్పు లేదు. ముప్పై టేబుల్స్‌కు ముప్పై సార్లు అడిగితే ముప్పై ఫారాల్లో తేదీ గడి ఒకేలా ఉంటుందన్న హామీ లేదు. నియమాలతో రాసిన ప్రోగ్రామ్ ఒకే టేబుల్‌కు ఎన్నిసార్లు నడిపినా ఒకే పేజీ ఇస్తుంది, ఒక నియమం సరిదిద్దితే ముప్పై ఫారాలూ సరవుతాయి. ఆ ప్రోగ్రామ్ రాయడంలో ఏఐ సాయం తీసుకోండి, అది మంచి వాడకం.

ఏ పేజీలకు ఈ పద్ధతి పనికిరాదు?

ఒకే తెర మీద మూడు టేబుల్స్ నింపాల్సినవి, వరుస వరుసగా దశలున్నవి, బయటివారికి చూపే మొదటి పేజీ. వీటిని చేత్తోనే రాయండి. లోపల ఇద్దరు ముగ్గురు రోజూ వాడే జాబితాలు, ఫారాలకు మాత్రం ఇంతకన్నా మంచి మార్గం నాకు తెలియదు.

గడుల వరుస ఎలా నిర్ణయించాలి?

ఏమీ చెప్పకపోతే టేబుల్‌లో కాలమ్‌లు ఉన్న వరుసే వస్తుంది. ఆ వరుస టేబుల్ చేసినవారి ఆలోచన, వాడేవారిది కాదు.

సంఘం కోశాధికారి బ్యాంకులో పనిచేసి రిటైరైన పెద్దాయన. ఆయన దగ్గర నల్ల అట్ట రిజిస్టరు ఉంది. నేను ఫారం ఇచ్చిన వారం తర్వాత వెళ్లి పక్కన కూర్చున్నాను. ఎడమ చూపుడు వేలు రిజిస్టరు వరుస మీద ఉంది, కుడి చేతితో ఒక్కో అంకె నొక్కుతున్నారు. రిజిస్టరులో తేదీ, ఫ్లాటు, రూపాయలు, విధానం అన్న వరుస. నా ఫారంలో ఫ్లాటు ముందు, తేదీ తర్వాత. ప్రతి వరుసకూ ఆయన కళ్లు వెనక్కి వెళ్లి మళ్లీ ముందుకు వస్తున్నాయి, రెండుసార్లు వేలు కింది వరుసకు జారింది. ఒకసారి 304 వారి రూపాయలు 305 పేరున పడబోయి, ఆయనే గమనించి ఆపారు. ‘మీ పేజీ బాగుంది బాబూ, నా పుస్తకమే దానికి అలవాటు పడలేదు’ అన్నారు.

ఆరోజే కామెంట్‌లో మూడో ముక్కగా వరుస సంఖ్య చేర్చే పద్ధతి మొదలుపెట్టాను. సంఖ్యలు 10, 20, 30 అని ఎడం ఇచ్చి వేస్తాను, మధ్యలో కొత్త కాలమ్ వస్తే మిగతావి మార్చనక్కర్లేకుండా. మళ్లీ తయారు చేసి ఇచ్చాక ఆయన ఒక పేజీ రిజిస్టరంతా ట్యాబ్ మీట ఒక్కదానితో ఎక్కించారు. వేలు వరుస మీదే ఉంది.